రహదారి ప్రమాదం – చట్టం చూపే దారి

సముద్రాన్ని సమీపించిన నది తన వేగాన్ని తానే తగ్గించుకొని పాయలుగా చీలిపోతుంది. నగరాన్ని సమీపించిన రహదారికి ఆ గుణం లేదు. దాని వేగాన్ని తగ్గించవలసింది దానిమీద ప్రయాణించే మనిషే. ఆ మార్పు మనిషిలో రానిచోట ప్రమాదం పొంచి ఉంటుంది. హైదరాబాదు నగరానికి తూర్పు వాకిలి వంటి ఎల్.బి.నగర్, దాని చెంతనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్ ఈ సత్యానికి నిదర్శనాలు.

ఈ ప్రాంతంలో ప్రమాదాలకు కారణాలేమిటి? జరగరానిది జరిగినప్పుడు వాహనచోదకుడు మొదట ఏం చేయాలి? చట్టం అతని మీద మోపే బాధ్యతలేమిటి? అతనికి చూపే మార్గాలేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకోవడం వాహనం నడిపేవారికే కాక, రేపో మాపో నడపబోయే యువతకు కూడా ఎంతైనా అవసరం.

రహదారి వీధిగా మారే చోటు

పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ చేరుతుంది. అక్కడి నుంచి వనస్థలిపురం, హయత్‌నగర్ దాటి విజయవాడ వైపు వెళుతుంది. పాతతరం వారు దీనిని 9వ నంబరు జాతీయ రహదారిగానే ఎరుగుదురు. ఉప్పల్, నాగోలు వైపు నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే ఇన్నర్ రింగు రోడ్డు దీనిని ఎల్.బి.నగర్ కూడలిలో ఖండిస్తుంది. నాగార్జునసాగర్ వెళ్లే దారి కూడా ఆ చేరువలోనే చీలుతుంది. సంక్రాంతి వచ్చిందంటే సొంత ఊళ్లకు బయలుదేరిన నగరవాసుల వాహనాలు ఈ కూడలిలోనే బారులు తీరుతాయి.

మన దేశ ప్రధానిగా పనిచేసిన లాల్ బహదూర్ శాస్త్రి పేరిట వెలసిన ఈ నగర్ ఒకప్పుడు హైదరాబాదు శివారు పురపాలక సంఘం. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. శివారు కాస్తా నగర మధ్యమైంది. అయితే రహదారి మాత్రం రహదారిగానే మిగిలింది. ఇదే ఇక్కడి చిక్కుకు మూలం. గంటల తరబడి ఆటంకం లేని మార్గంలో వచ్చిన చోదకుని కంటికి వేగం వేగంగా తోచదు. గంటకు 60 కిలోమీటర్ల వేగం కూడా అతనికి నెమ్మదిగా నడుపుతున్నట్లే అనిపిస్తుంది. కాని హయత్‌నగర్ దాటిన తరువాత అతని ముందున్నది రహదారి కాదు, జనసమ్మర్దం గల వీధి.

దిల్‌సుఖ్‌నగర్ స్వభావం మరొక విధమైనది. పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, విద్యార్థుల వసతిగృహాలు, పుస్తకాల అంగళ్లు, వస్త్ర దుకాణాలు, బస్సు డిపో అన్నీ ఒకే దారి పొడుగునా నెలకొని ఉన్నాయి. ఇక్కడ రోడ్డు దాటే పాదచారులకు అంతు ఉండదు. ప్రయాణికులను ఎక్కించుకొనేందుకు ఆటోలు ఉన్నట్టుండి ఆగుతాయి. దూరప్రాంతాలకు వెళ్లే బస్సులు రాత్రివేళ రోడ్డు అంచున బారులు తీరుతాయి. ఆగిన బస్సు ముందు నుంచి రోడ్డు దాటే మనిషి, దాని వెనుక నుంచి వచ్చే చోదకునికి చివరి క్షణం వరకు కనిపించడు.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైంది. అదే ఏడాది చింతలకుంట అండర్‌పాస్ మొదలుకొని ఎల్.బి.నగర్, కామినేని, బైరామల్‌గూడ కూడళ్లలో వంతెనలు, అండర్‌పాస్‌లు దశలవారీగా అందుబాటులోకి వచ్చాయి. వీటివల్ల కూడళ్ల వద్ద నిరీక్షణ తగ్గింది. అయితే ప్రతి సదుపాయమూ కొత్త జాగ్రత్తను కోరుతుంది. వంతెన మీద నుంచి వేగంగా దిగే వాహనం, కింది దారిలో నెమ్మదిగా వచ్చే వాహనం కలిసే చోట వేగాల మధ్య తేడా ప్రమాదకరమవుతుంది. మెట్రో స్తంభాల చాటున యూ-టర్న్ తీసుకొనే వాహనం ఎదుటివారికి ఆలస్యంగా కనిపిస్తుంది. యూ-టర్న్ దూరమని ఎదురుదారిన వచ్చే ద్విచక్ర వాహనం ఈ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది. వానాకాలంలో నీరు నిలిచిన చోట గుంత ఏదో, దారి ఏదో తెలియదు.

వేగం వెల

వేగం ఎంత ప్రమాదకరమో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 11 మీటర్లు, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదుట మనిషి కనిపించిన తరువాత చోదకుని కాలు బ్రేకు మీద పడటానికి ఒక సెకను పడుతుందనుకొందాం. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న కారు ఆ తరువాత మొదటి వేగంలో సుమారు 9 మీటర్లలో, రెండవ వేగంలో సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. అంటే మొత్తం మీద మొదటి కారుకు 20 మీటర్లు, రెండవ కారుకు 37 మీటర్లు కావాలి.

ఇప్పుడు 20 మీటర్ల దూరంలో ఒక విద్యార్థి రోడ్డు మీదికి అడుగు వేశాడనుకొంటే, మొదటి కారు అతని ముందు వరకు వచ్చి ఆగిపోతుంది. రెండవ కారు అప్పటికి బ్రేకు వేయడం మొదలుపెట్టి మూడు మీటర్లు మాత్రమే సాగి ఉంటుంది. అది ఇంకా గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగంతో అతనిని ఢీకొంటుంది. 40కి, 60కి మధ్య తేడా చూడటానికి ఇరవై మాత్రమే. కాని ఒక ప్రాణానికి అదే వెల.

దేశవ్యాప్త గణాంకాలు ఈ లెక్కను బలపరుస్తున్నాయి. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ మరణాలలో 71 శాతానికి పైగా అతివేగం వల్లనే సంభవించాయి. మృతులలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ప్రయాణించినవారు, దాదాపు 20 శాతం పాదచారులు. కారులో ఉన్నవారికి చుట్టూ ఇనుప గూడు ఉంటుంది. ద్విచక్ర వాహనం మీద వెళ్లేవారికి శిరస్త్రాణమే దిక్కు. నడిచేవారికి అదీ లేదు. కాబట్టి స్టీరింగు పట్టినవారి బాధ్యత మిగిలినవారికంటే ఎక్కువ.

ప్రమాదం జరిగిన వెంటనే

ప్రమాదం జరిగిన మరుక్షణం చోదకుని మనసులో మెదిలే మొదటి ఆలోచన భయం. చుట్టూ జనం మూగుతారు. అరుపులు వినిపిస్తాయి. పారిపోవాలనిపించడం సహజం. కాని చట్టం అతనిని కోరేది ఒక్కటే, ఆగమని. మోటారు వాహనాల చట్టం 1988లో రూపుదిద్దుకొని 1989 జులై 1న అమలులోకి వచ్చింది. దానిలోని 134వ సెక్షను ప్రకారం గాయపడినవారికి వైద్యసహాయం అందేలా చూడటం చోదకుని మొదటి విధి. పోలీసులు అడిగిన వివరాలు చెప్పడం, అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితులలోనూ 24 గంటలకు మించకుండా సమీప పోలీసు స్టేషనుకు తెలియజేయడం రెండవ విధి. బీమా సంస్థకు వివరాలు అందజేయడం మూడవది.

జనం ఆగ్రహించి దాడికి దిగితే ఏం చేయాలి? ఈ వాస్తవాన్ని చట్టం విస్మరించలేదు. మూక ఆగ్రహం వల్ల గాని, తనకు సాధ్యం కాని మరే కారణం వల్ల గాని సహాయం చేయలేకపోతే చోదకుడు తప్పు చేసినట్లు కాదని అదే సెక్షను స్పష్టం చేస్తున్నది. అటువంటప్పుడు అతడు అక్కడి నుంచి తప్పుకొని నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లాలి. స్టేషనుకు వెళ్లడానికి, పారిపోవడానికి మధ్య ఉన్న తేడాను న్యాయస్థానం గుర్తిస్తుంది. ఈ విధులను ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా విధించే వీలు 187వ సెక్షనులో ఉంది.

క్షతగాత్రులను రక్షించడంలో తొలి గంట ఎంతో విలువైనది. 108 నంబరుకు గాని, 112 నంబరుకు గాని ఫోను చేసి అంబులెన్సును పిలిపించాలి. పోలీసు లాంఛనాల కోసం ఎదురుచూడకుండా చికిత్స ప్రారంభించడం వైద్యుని విధి అని చట్టం చెబుతున్నది. 2025 మేలో అమలులోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయలకు మించకుండా నగదు చెల్లించనవసరం లేని చికిత్స లభిస్తుంది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన బాటసారికి 134-ఎ సెక్షను రక్షణ కల్పిస్తున్నది. సదుద్దేశంతో సాయం చేసిన ఆ వ్యక్తి మీద సివిల్ బాధ్యత గాని, క్రిమినల్ బాధ్యత గాని మోపరాదు. ‘సాక్ష్యం చెప్పవలసి వస్తుంది, స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుంది’ అని వెనుకాడవలసిన పని లేదు.

అదే సమయంలో ఆధారాలను భద్రపరచుకోవడం కూడా అవసరం. వాహనాలు ఆగిన తీరు, రోడ్డు మీద టైర్ల గుర్తులు, రెండవ వాహనం నంబరు, సిగ్నలు స్తంభం, చుట్టుపక్కల దుకాణాల సీసీ కెమెరాలు ఉన్న చోటు వంటివి ఫొటోల ద్వారా నమోదు చేసుకోవాలి. కెమెరాల దృశ్యాలు కొద్ది రోజులలో చెరిగిపోవచ్చు. కనుక వాటిని సేకరించవలసిందిగా దర్యాప్తు అధికారిని లిఖితపూర్వకంగా కోరడం మంచిది.

నేర విచారణలో చోదకుని స్థానం

ప్రమాదం జరిగితే పెద్ద బండి నడిపినవారిదే తప్పు అని జనం తేల్చివేస్తారు. చట్టం అలా తేల్చదు. వాహనం పరిమాణాన్ని బట్టి కాక, నిర్లక్ష్యాన్ని బట్టి మాత్రమే నేరం నిర్ణయమవుతుంది. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. దానిలోని 281వ సెక్షను అజాగ్రత్తగా వాహనం నడపడాన్ని, 125వ సెక్షను ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగేలా ప్రవర్తించి గాయపరచడాన్ని, 106వ సెక్షను నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడాన్ని నేరాలుగా పరిగణిస్తాయి. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పూర్వపు శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లు మాత్రమే. మరణానికి కారణమై, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన చోదకునికి పదేళ్ల వరకు శిక్ష విధించే ఉపసెక్షను కూడా సంహితలో ఉంది. దానిపై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశవ్యాప్తంగా నిరసన తెలిపారు. సంహిత అమలులోకి వచ్చిన నాడు ఆ ఉపసెక్షనును మాత్రం నిలిపి ఉంచారు.

నిర్లక్ష్యం వల్ల మరణం అనే నేరం బెయిలు లభించే నేరమే. ఆ కేసులో చోదకుడు తగిన పూచీకత్తు ఇచ్చి విడుదల కావచ్చు. న్యాయవాదిని నియమించుకోవచ్చు. స్తోమత లేకపోతే ఉచిత న్యాయసహాయం కోరవచ్చు. తాను నిర్ణీత వేగంలోనే ఉన్నానని, ఎదుటివారే ఎదురుదారిన వచ్చారని ఆధారాలతో నిరూపించుకోవచ్చు. ప్రమాదానికి గురైన వాహనాన్ని పరిశీలనకు తరలించినప్పుడు, లాంఛనాలు పూర్తయిన తరువాత 24 గంటలలోగా తిరిగి అప్పగించాలని 136వ సెక్షను నిర్దేశిస్తున్నది. వాహనం బ్రేకులు సక్రమంగా ఉన్నాయో లేదో తేల్చే ఈ పరిశీలన నివేదిక కొన్ని సందర్భాలలో చోదకునికే రక్షణ అవుతుంది.

అయితే మద్యం సేవించి నడిపినవారికి ఈ మార్గాలు ఇరుకవుతాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే అది 185వ సెక్షను కింద నేరం. ప్రమాదం జరగకపోయినా అది నేరమే. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మత్తులో నడిపి ఒకరి ప్రాణం తీసినవారిపై అంతకంటె తీవ్రమైన అభియోగాలు మోపే అవకాశం కూడా ఉంది.

బీమా అనే కవచం

మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. ఇక్కడ మొదటి పక్షం వాహన యజమాని, రెండవ పక్షం బీమా సంస్థ, మూడవ పక్షం ప్రమాదంలో నష్టపోయిన ఇతరులు. పాదచారికి గాని, ఎదుటి వాహనంలోని వారికి గాని చెల్లించవలసిన పరిహార భారాన్ని ఈ బీమా మోస్తుంది. అది లేకపోతే ఆ భారం యజమాని ఆస్తిపాస్తుల మీద పడుతుంది. ఏడాదికి కొద్దిపాటి రుసుము మిగుల్చుకోబోయి జీవితకాలపు సంపాదన పోగొట్టుకొన్నట్లవుతుంది.

అయితే థర్డ్ పార్టీ బీమా సొంత కారు మరమ్మతుకు పనికిరాదు. దానికి సమగ్ర బీమా ఉండాలి. తన తప్పువల్లనే గాయపడిన యజమాని ఇతరుల నుంచి పరిహారం పొందలేడు. అతనికి వ్యక్తిగత ప్రమాద బీమాయే ఆసరా. యజమానియే చోదకుడైనప్పుడు 15 లక్షల రూపాయల వరకు వర్తించే ఈ బీమా ఉందో లేదో ముందుగానే చూసుకోవాలి. ప్రమాదం జరిగిన వెంటనే సంస్థకు తెలియజేసి, సర్వేయరు పరిశీలించే వరకు వాహనాన్ని మరమ్మతు చేయించరాదు.

బీమా సంస్థ న్యాయమైన కోరికను తిరస్కరిస్తే మొదట ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ పరిష్కారం లభించకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అక్కడ ఎటువంటి రుసుమూ చెల్లించనవసరం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్ల లోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే మార్గం కూడా ఉంది.

పరిహారానికి మార్గాలు

నేర విచారణ దోషిని శిక్షిస్తుంది. కాని కాలు పోగొట్టుకొన్నవాని ఇల్లు గడవడానికి ఆ శిక్ష ఉపకరించదు. అందుకోసమే మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ ఏర్పడింది. పరిహారం మూడు విధాలుగా లభిస్తుంది.

మొదటిది, తప్పు ఎవరిదని నిరూపించనవసరం లేని పరిహారం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 164వ సెక్షను ప్రకారం మరణానికి 5 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 2,50,000 రూపాయలు లభిస్తాయి. రెండవది, 166వ సెక్షను కింద నిర్లక్ష్యాన్ని నిరూపించి పొందే పూర్తి పరిహారం. మూడవది, ఢీకొట్టిన వాహనం జాడ తెలియనప్పుడు 161వ సెక్షను కింద ప్రభుత్వ పథకం ద్వారా లభించే సహాయం. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇందులో లభిస్తాయి. ఈ మూడవ సహాయానికి మాత్రం ట్రిబ్యునల్‌కు కాక రెవెన్యూ అధికారులకు దరఖాస్తు చేసుకోవాలి.

గాయపడిన చోదకుడు కూడా, తప్పు ఎదుటి వాహనానిదైనప్పుడు, 166వ సెక్షను కింద బాధితుడే. అతడు వైద్య ఖర్చులు, కోల్పోయిన సంపాదన, భవిష్యత్తులో తగ్గబోయే సంపాదన, అనుభవించిన బాధ అన్నింటికీ పరిహారం కోరవచ్చు. ప్రమాదం జరిగిన చోట గాని, తాను నివసించే చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని దావా వేయవచ్చు. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల సముదాయం ఎల్.బి.నగర్‌లోనే ఉండటం ఈ ప్రాంతవాసులకు అనుకూలమైన విషయం. అయినప్పటికీ ఎల్.బి.నగర్‌లో గాయపడిన నల్లగొండ వాసి తన జిల్లాలోనే దావా వేసుకోవచ్చు.

పరిహారాన్ని ఊహతో నిర్ణయించరు. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఇందుకు ఒక పద్ధతిని నిర్దేశించింది. ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. నెలకు 20,000 రూపాయలు సంపాదించే 35 ఏళ్ల చిరువ్యాపారి ప్రమాదంలో మరణించాడనుకొందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారు. ముందుముందు పెరగగల ఆదాయంగా 40 శాతం కలిపితే నెలకు 28,000 అవుతుంది. అతని సొంత ఖర్చుల కింద నాలుగవ వంతు తీసివేస్తే 21,000 మిగులుతుంది. ఏడాదికి అది 2,52,000 రూపాయలు. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 16. దానితో హెచ్చిస్తే 40,32,000 రూపాయలు వస్తుంది. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. ఆ వ్యాపారి ఎదురుదారిన రావడం వల్ల ప్రమాదంలో అతని తప్పు కూడా 25 శాతం ఉందని తేలితే, ఈ మొత్తంలో 10,08,000 రూపాయలు తగ్గిపోతాయి. యూ-టర్న్ వరకు వెళ్లకుండా మిగుల్చుకొన్న రెండు నిమిషాల వెల ఆ కుటుంబానికి పది లక్షలన్నమాట.

దావాకు ప్రాణం కాగితాలే. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రి రికార్డులు, బిల్లులు, ఆదాయ ధ్రువపత్రాలు, వైకల్య ధ్రువపత్రం జాగ్రత్తగా ఉంచుకోవాలి. 2022 నాటి నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటలలోగా తొలి నివేదికను, 90 రోజులలోగా సమగ్ర ప్రమాద నివేదికను అందజేయాలి. బాధితుడు వాటి ప్రతులు అడిగి తీసుకోవచ్చు. దావాను ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా వేయాలని చట్టం చెబుతున్నది. ఈ గడువు మీద సర్వోన్నత న్యాయస్థానంలో సవాలు దాఖలైంది. గడువు దాటిందన్న కారణంతో దావాలను కొట్టివేయరాదని 2025 నవంబరులో ఆ న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆరు నెలల లోపు దాఖలు చేయడమే క్షేమం.

రోడ్డు మీది రాజీ, న్యాయస్థానపు రాజీ

చిన్న ప్రమాదాలలో అక్కడికక్కడే కొంత సొమ్ము చేతులు మారడం, ‘ఇక కేసు లేదు’ అనుకొని విడిపోవడం పరిపాటి. కాని ఆ నాటికి నొప్పి లేని తలకు మరునాడు వాపు కనిపించవచ్చు. అప్పుడు గాయపడినవాని చేతిలో ఆధారం ఉండదు. సొమ్ము ఇచ్చినవాని చేతిలో రసీదూ ఉండదు. ఇరువురికీ రక్షణ లేని రాజీ అది. రాజీ పడదలచుకొన్నవారికి లోక్ అదాలత్ ఉత్తమమైన వేదిక. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 కింద ఏర్పడిన ఈ వేదిక ఇచ్చిన తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, అల్పాదాయ వర్గాలవారికి ఉచితంగా న్యాయవాదిని నియమించే బాధ్యత కూడా న్యాయసేవాధికార సంస్థలదే. ఇందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

యువత తెలుసుకోవలసినది

ఈ పాఠం చదివే వయసువారికి చట్టంలో ఒక ప్రత్యేకమైన హెచ్చరిక ఉంది. 18 ఏళ్లు నిండనివారు కారు గాని, సాధారణ మోటారు సైకిలు గాని నడపరాదు. మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే 199-ఎ సెక్షను ప్రకారం తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. వాహనం రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దవుతుంది. నడిపిన మైనరుకు 25 ఏళ్లు వచ్చే వరకు లైసెన్సు లభించదు. ముచ్చటపడి తాళంచెవి అందించిన తండ్రి కోర్టు బోనులో నిలబడవలసి వస్తుంది. కళాశాలకు ఆలస్యమవుతుందన్న తొందర ఒక కుటుంబం పరువును, పొదుపును హరించివేస్తుంది.

స్వీడన్ దేశం 1997లో ఒక విధానాన్ని చట్టసభ ఆమోదంతో స్వీకరించింది. మనిషి పొరపాటు చేయడం సహజమే గాని, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కారాదన్నది దాని సారం. ఆ ఆదర్శాన్ని అందుకోవాలంటే రోడ్లు వేసేవారు, వాహనాలు తయారుచేసేవారు, నిఘా ఉంచేవారు అందరూ బాధ్యత పంచుకోవాలి. అయినప్పటికీ కూడలిలో వేగం తగ్గించవలసిన కాలు చోదకునిదే.

చట్టం ప్రమాదాన్ని ఆపలేదు. పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేదు. జరిగిన నష్టాన్ని నిజాయితీగా తూచి, భారాన్ని న్యాయంగా పంచడమే అది చేయగలిగిన మేలు. ఆగినవాడు, సాయం చేసినవాడు, సమాచారం ఇచ్చినవాడు, బీమాను, లైసెన్సును సక్రమంగా ఉంచుకొన్నవాడు ఆ తూకంలో నిర్భయంగా నిలబడగలడు. తప్పు చేసినా అతడు దానిని సరిదిద్దుకొనే దారిలో ఉంటాడు. పారిపోయినవాడు మాత్రం ఒక పొరపాటును నేరంగా మార్చుకొంటాడు. అన్ని సెక్షన్లూ జ్ఞాపకం ఉండకపోయినా ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకొంటే చాలు. ప్రమాదానికి ముందు వేగం తగ్గించాలి, ప్రమాదం తరువాత ఆగాలి.